చిట్టాకెక్కిన ప్రశ్నలు

ఒక గ్రంథపాలకుడి స్మృతిలో ఏర్పాటైన ఉపన్యాసంలో సెర్చ్ ఇంజిన్ల ఊసెందుకని సభలో కొందరికి అనిపించవచ్చు. కానీ ఎవరు ఏం చదువుతున్నారో, ఏం అడుగుతున్నారో తెలిసిన మనిషి ఆ సంగతిని ఏం చేయాలన్న చిక్కు గ్రంథపాలకులకు ఇంటర్నెట్ పుట్టకముందే ఎదురైంది. దానికి వాళ్లు జవాబు కూడా చెప్పుకున్నారు. పాఠకుల గురించి తెలిసే సొంత విషయాలను గుట్టుగా ఉంచడం గ్రంథపాలకుడి బాధ్యత అని అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1939 నాటి వృత్తి నియమావళిలోనే రాసుకుంది.

ఆ మాట కాగితం మీదే మిగిలిపోలేదు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత పేట్రియట్ చట్టం వచ్చి, గ్రంథాలయ రికార్డులు అడిగి తీసుకోవడం ఎఫ్‌బీఐకి మరింత తేలికైంది. కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్ గ్రంథాలయాల సిబ్బంది 2003లో దీనికి చాలా సాదా విరుగుడు పట్టుకున్నారు. కంప్యూటర్ల దగ్గర జనం పేర్లు రాసే కాగితాలు, ఫలానా సమాచారం కావాలంటూ ఇచ్చే చీటీలు ఏ రోజువి ఆ రోజే కాగితాలు చించే యంత్రంలో వేసేయడం మొదలుపెట్టారు. రెండేళ్ల తర్వాత కనెక్టికట్‌లో నలుగురు గ్రంథాలయ బాధ్యులకు ఎఫ్‌బీఐ నుంచి లేఖ అందింది. కంప్యూటరు వాడకం వివరాలు ఇవ్వాలి, అడిగినట్టు ఎవరికీ చెప్పకూడదు అని దాని సారాంశం. వాళ్లు ఇవ్వలేదు, కోర్టుకెక్కారు. 2006లో ప్రభుత్వమే వెనక్కి తగ్గింది.

కనెక్టికట్ కథ వినడానికి బాగుంటుంది. కానీ పనికొచ్చేది శాంటా క్రూజ్ కథ. కోర్టులో గెలుపు వకీలును బట్టి, జడ్జిని బట్టి, ఆ ఏటి రాజకీయాన్ని బట్టి ఉంటుంది. లేని కాగితాన్ని మాత్రం ఎవరూ జప్తు చేయలేరు. ఇంటర్నెట్ గోప్యత మీద సలహాలకు కొదవ లేదు. ఈ ఉపన్యాసం పట్టుకున్నది ఒకటే సంగతి: చిట్టా ఉన్నంతకాలం అది ఏదో ఒక దారిన బయటికి వస్తుంది. అందుకని ఎంత భద్రంగా దాచారని అడిగేముందు, అసలు ఎందుకు దాచారు, ఎన్నాళ్లు దాచారు అని అడగాలి.

సెర్చ్ ఇంజిన్ చిట్టా ఎలా ఉంటుందో గూగుల్ ఒకప్పుడు తన గోప్యతా వివరణలో నమూనాగా చూపించేది. ఎవరో ‘కార్స్’ అని వెతికారు. సర్వర్లో ఒక వరస పడింది. అందులో అడిగిన కంప్యూటరు ఐపీ చిరునామా, తేదీ, సెకన్లతో సహా వేళ, అడిగిన మాట, బ్రౌజరూ ఆపరేటింగ్ సిస్టం పేర్లు, చివర కుకీ తాలూకు పొడవాటి సంఖ్య ఉన్నాయి. అంతే. కార్ల గురించి అడిగినవాడి గుట్టు ఇందులో ఏముంది అనిపిస్తుంది. అసలు సంగతంతా ఆ చివరి సంఖ్యలో ఉంది. నిన్నటి కార్ల ప్రశ్ననూ, ఇవాళ్టి గుండెదడ ప్రశ్ననూ, రేపటి లాయరు ప్రశ్ననూ ఒకే మనిషివిగా కలిపి చూపేది అదే.

కుకీ అంటే వెబ్‌సైటు బ్రౌజర్లో వదిలే చిన్న గుర్తుచీటీ. దాన్ని 1994లో నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటుల్లి తయారుచేసింది వేరే అవసరానికి. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లేసరికి వెబ్‌సైటు వచ్చినవాణ్ని మరిచిపోయేది. అది మరవకుండా బుట్టలో వేసిన సరుకు బుట్టలోనే ఉండాలి, అంతవరకే. గూగుల్ మొదట్లో తన కుకీకి పెట్టిన గడువు 2038 సంవత్సరం. విమర్శలు వచ్చాక 2007లో దాన్ని రెండేళ్లకు కుదించింది. అయితే ఆ రెండేళ్లలో గూగుల్‌కు మళ్లీ వెళ్లిన ప్రతిసారీ గడువు తిరిగి మొదలయ్యేది. రోజూ వెతికేవాడికి ఈ సవరణతో ఒరిగిందేమిటో ఆ కంపెనీకే తెలియాలి.

చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. ప్రశ్న పూర్తయి, వెతుకు గుర్తు నొక్కాకే అవతలికి వెళ్తుందనుకుంటారు. సెర్చ్ పెట్టెలో నాలుగు అక్షరాలు పడగానే కింద సూచనల వరస దిగుతుంది కదా, ఆ సూచనలు ఫోన్లో పుట్టినవి కావు. పడిన అక్షరాలు పడినట్టే సర్వర్‌కు వెళ్లి, అక్కడినుంచి తిరిగొచ్చినవి. ‘గర్భస్రావం’ అని సగం టైపు చేసి, ఎందుకులే అని చెరిపేసిన అమ్మాయి ఏమీ అడగలేదనుకుంటుంది. ఆ సగం మాట అప్పటికే అవతలికి చేరింది.

2006లో ఈ చిట్టాల కథ రెండుసార్లు వీధికెక్కింది. పిల్లలకు అసభ్య దృశ్యాలు కనబడకుండా తెచ్చిన ఒక చట్టాన్ని కోర్టులో సమర్థించుకోవడానికి అమెరికా న్యాయశాఖ గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్, ఏఓఎల్ కంపెనీలను సెర్చ్ సమాచారం అడిగింది. గూగుల్‌ను అడిగినవాటిలో ఒక వారంలో జనం టైపు చేసిన ప్రశ్నలన్నీ ఉన్నాయి. మిగతా మూడూ ఎంతో కొంత ఇచ్చాయి. గూగుల్ ఎదురు తిరిగింది. మార్చిలో జడ్జి జేమ్స్ వేర్ 50,000 వెబ్ చిరునామాలు ఇస్తే చాలు, జనం ప్రశ్నలు ఇవ్వనక్కర్లేదన్నారు. గూగుల్‌కు మంచి పేరొచ్చింది. రావలసిందే. కానీ ఆ వారం ప్రశ్నలన్నీ ఒకచోట పోగై ఉండబట్టే ప్రభుత్వం అడగగలిగిందన్న సంగతి ఆ పేరు కింద మరుగున పడింది.

రెండోసారి ఎవరూ అడగలేదు. ఏఓఎల్ తానే ఇచ్చింది. పరిశోధకులకు పనికొస్తుందన్న సదుద్దేశంతో ఆగస్టు 4న ఒక ఫైలును ఇంటర్నెట్‌లో పెట్టింది. సుమారు 6,50,000 మంది మూడు నెలల పాటు అడిగిన దాదాపు 2 కోట్ల ప్రశ్నలు అందులో ఉన్నాయి. పేర్లు తీసేసి మనిషికో నంబరు ఇచ్చారు కాబట్టి గుట్టు దక్కినట్టేననుకున్నారు. మూడు రోజుల్లో తప్పు తెలిసి ఫైలు తీసేశారు గానీ, అప్పటికే నకళ్లు లోకమంతా పాకాయి. ఆగస్టు 9న న్యూయార్క్ టైమ్స్‌లో ఒక నంబరు వెనకున్న మనిషిని విలేకరులు వెతికి పట్టుకున్న కథ అచ్చయింది.

ఆ నంబరు జార్జియా రాష్ట్రంలోని ఒక పెద్దావిడది. తోటపనివాళ్లు కావాలని ఊరి పేరుతో సహా అడిగింది. ఒకే ఇంటిపేరున్న కొందరి కోసం వెతికింది. వేళ్ల తిమ్మిర్లు, కనిపించిన చోటల్లా తడిపే కుక్క, తన వయసుకు తగిన మగ తోడు వంటివి మిగతావి. ఏ ఒక్క ప్రశ్నలోనూ ఆవిడ పేరు లేదు. నాలుగైదు కలిపితే ఇంటి తలుపు దగ్గరికి దారి తేలింది. ఆవిడ పేరు అప్పట్లో అన్ని పత్రికల్లో వచ్చింది. ఒకసారి బజారుకెక్కింది చాలు, ఇక్కడ మళ్లీ అనవసరం.

ఆ కథ చెప్పేవారు తరచు వదిలేసే ముక్క ఒకటుంది. చిట్టా చదివితే ఆవిడ ఒంటినిండా రోగాలున్న మనిషిలా కనబడుతుంది. తీరా విలేకరులు అడిగితే తేలిందేమిటంటే, వాటిలో చాలా జబ్బులు ఆవిడ స్నేహితులవి. వాళ్ల బెంగ తీర్చడానికి ఆవిడ వెతికి చెబుతుండేది. తన కోసం వెతికిందో, పక్కింటి పిల్ల కోసం వెతికిందో, టీవీ సీరియల్లో వచ్చిన జబ్బేమిటో తెలుసుకుందామని వెతికిందో చిట్టాకు తెలియదు. గుట్టు బయటపడటం ఒక నష్టం. తప్పుడు గుట్టు బయటపడటం ఇంకా పెద్ద నష్టం. అలాంటి కాగితం బీమా కంపెనీ గుమాస్తా చేతిలోనో, పెళ్లి సంబంధం వాకబు చేసేవాళ్ల చేతిలోనో పడితే సంజాయిషీ ఎవరికి చెప్పుకోవాలి? ఏఓఎల్‌లో సాంకేతిక విభాగం అధిపతి రాజీనామా చేశారు, ఇద్దరు ఉద్యోగులను తీసేశారు. ఫైలు మాత్రం ఇవాళ్టికీ నెట్‌లో దొరుకుతుంది.

ఇంత తంటా ఉన్నా దాచడమెందుకు? ఒక కారణం నిజమైనదే. ఏ ప్రశ్నకు జనం ఏ లంకె నొక్కారో తెలిస్తే రేపటి జవాబు మెరుగవుతుంది, దొంగ క్లిక్కులు పట్టుబడతాయి. రెండో కారణం ప్రకటనలు. ఇక్కడ ఒక చిత్రముంది. గూగుల్ పెట్టిన సెర్గీ బ్రిన్, లారీ పేజ్ స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా 1998లో రాసిన పరిశోధనా పత్రం చివర, ప్రకటనల డబ్బుతో నడిచే సెర్చ్ ఇంజిను వెతికేవాడికన్నా ప్రకటనదారు వైపే మొగ్గుతుందని వాదించారు. 2000లో గూగుల్ ప్రకటనల వ్యాపారం మొదలైంది. ఆ మొదటి పద్ధతిలోనైనా కొంత మర్యాద ఉంది: ‘కూలర్’ అని టైపు చేసినవాడికి కూలర్ల ప్రకటన చూపించేవారు. వాడెవడో, నిన్న ఏమడిగాడో తెలియనక్కర్లేదు. కూలర్ కావాలని వాడే చెప్పాడు కదా.

డబుల్‌క్లిక్‌ను గూగుల్ 310 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు 2007లో ప్రకటించి, మరుసటేడాది ఆ కొనుగోలు ముగించడంతో కథ మారింది. ఇతరుల వెబ్‌సైట్లలో ప్రకటనలు అతికించే కంపెనీ అది. 2012 మార్చి నుంచి గూగుల్ తన సేవలన్నిటి సమాచారాన్నీ ఒకే గోప్యతా విధానం కిందికి తెచ్చింది. 2016లో డబుల్‌క్లిక్ సమాచారాన్ని పేరున్న ఖాతాలతో కలపబోమన్న పాత హామీని సవరించింది. సెర్చ్ పెట్టెలో అడిగిందీ, యూట్యూబ్‌లో చూసిందీ, వేరెవరి సైటులోనో చదివిందీ ఒకే మనిషి ఖాతా కింద చేరడానికి దారి పడింది.

వేరెవరి సైటులో చదివింది అన్నచోట కాస్త ఆగాలి. సెర్చ్ ఇంజిన్‌ను మార్చినంత మాత్రాన ఈ బెడద వదలదు. మోకాలి నొప్పి గురించి వెతికి ఒక వైద్య సమాచార పేజీ తెరిస్తే, కనబడేది ఒక్క పేజీ. దాని వెనక ఎన్ని కంపెనీలకు కబురు వెళ్తుందో కనబడదు. పెళ్లికి పిలిచింది ఒక్కరిని, వెంట దిగింది బలగమంతా అన్నట్టుంటుంది. టిమ్ లిబర్ట్ అనే పరిశోధకుడు 2015లో 80,000కు పైగా ఆరోగ్య సంబంధ పేజీలు పరీక్షించి, పదింట తొమ్మిది పేజీలు బయటి కంపెనీలకు కబురు పంపుతున్నాయని తేల్చారు. చాలాచోట్ల పేజీ చిరునామాలోనే జబ్బు పేరు ఉంటుంది. ఆ చిరునామా కబురుతో పాటే వెళ్తుంది. రోగి గుట్టు వైద్యుడి నోట రాదు, కానీ పేజీ నోట వస్తుంది.

కుకీలు తుడిచేస్తే చాలదా? ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో చేసిన ప్రయోగం ఆ ఆశ మీద నీళ్లు చల్లింది. స్క్రీను కొలత, ఫాంట్లు, టైమ్ జోన్, ప్లగిన్లు వంటి వివరాలను కలిపి చూస్తే, పరీక్షకు వచ్చిన బ్రౌజర్లలో 83.6 శాతం మిగతా ఏ బ్రౌజరుతోనూ కలవని ప్రత్యేకమైనవని తేలింది. బ్రౌజరు వేలిముద్ర అనే మాట అందుకే వచ్చింది.

బ్రౌజర్లోని ఇన్‌కాగ్నిటో మోడ్ సంగతి ఇంకో తమాషా. టోపీ, కళ్లద్దాల బొమ్మ చూసి, తాను మారువేషంలో ఉన్నాననుకుంటాడు వాడేవాడు. నిజానికి అది ఫోన్లో ఆనవాళ్లు మిగల్చదు, అంతవరకే. ఇంట్లోవాళ్లకు తెలియదు, వెళ్లిన సైటుకూ, నెట్ ఇచ్చే కంపెనీకీ, ఆఫీసు నెట్‌వర్కుకూ తెలుస్తుంది. 2020 జూన్‌లో కాలిఫోర్నియాలో కొందరు దీనిమీద గూగుల్‌పై దావా వేశారు. కనీసం 500 కోట్ల డాలర్లు అడిగారు. 2024 ఏప్రిల్‌లో బయటపడిన రాజీ ప్రకారం, ఇన్‌కాగ్నిటోలో పోగైన వందల కోట్ల రికార్డులను ధ్వంసం చేయడానికి, హెచ్చరిక మాటలు మార్చడానికి గూగుల్ ఒప్పుకుంది. దావాదారులందరికీ పంచే డబ్బేమీ లేదు. డబ్బు రాలేదని పెదవి విరిచినవారున్నారు. చిట్టా తగలబెట్టించడం డబ్బుకన్నా మేలైన పరిహారమని ఈ ప్రసంగం అభిప్రాయం.

ఎక్కడున్నామో చెప్పే సమాచారం కథా ఇంతే. లొకేషన్ హిస్టరీ అనే మీట ఆపేసినా, వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ అనే వేరే మీట కింద గూగుల్ ఉన్న చోటును నమోదు చేస్తూనే ఉందని 2018 ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ బయటపెట్టింది. 2022 నవంబరులో 40 అమెరికా రాష్ట్రాలతో 39.15 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ తర్వాత 2023 చివర్లో గూగుల్ ప్రయాణాల చరిత్రను తన సర్వర్లలో కాక ఎవరి ఫోన్లో వారికే ఉంచే పద్ధతిని ప్రకటించింది. పోలీసులు ఫలానా చోట ఫలానా వేళ ఉన్నవారందరి జాబితా ఇమ్మని తెచ్చే వారెంట్లకు ఇక ఇవ్వడానికేమీ ఉండదు. శాంటా క్రూజ్ చించుడు యంత్రం ఇరవై ఏళ్లకు గూగుల్‌కూ చేరిందన్నమాట.

ప్రశ్నలకు మాత్రం ఇంకా చేరలేదు. 2020 ఆగస్టులో డెన్వర్ నగరంలో ఎవరో ఒక ఇంటికి నిప్పుపెట్టారు. సెనెగల్ నుంచి వచ్చిన కుటుంబంలో పిల్లలతో సహా ఐదుగురు కాలిపోయారు. నెలల తరబడి ఆధారం దొరకలేదు. పోలీసులు గూగుల్‌కు ఒక ప్రశ్న వేశారు: అగ్నిప్రమాదానికి ముందు 15 రోజుల్లో ఆ ఇంటి చిరునామాను వెతికినవారెవరు? దాంతో ముగ్గురు కుర్రవాళ్లు దొరికారు. పోయిన తన ఫోను అక్కడుందని ఒకడు పొరబడ్డాడు. ఆ ఇంటివాళ్లకూ వాళ్లకూ ఏ సంబంధమూ లేదు.

ఇలాంటి కేసులో గోప్యత మాట ఎత్తడానికి నోరు రాదు. ఐదు ప్రాణాల ముందు సెర్చ్ చిట్టా ఏపాటిది? కొలరాడో సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఈ ఇబ్బందినే ఎదుర్కొంది. సెర్చ్ చరిత్ర మీద మనిషికి గోప్యతా ప్రయోజనం ఉందని ఒప్పుకుంది. ఫలానావాడి మీద అనుమానమంటూ లేకుండా ఇచ్చిన ఆ వారెంటులో లోపముందా అన్నది తేల్చకుండా, ఉందనే అనుకుని ముందుకెళ్లింది. అయినా పోలీసులు సదుద్దేశంతో చేశారని ఆధారాన్ని ఉంచేసింది. చిక్కంతా ఇవాళ ఇంటి చిరునామా అడిగినవారెవరని వెళ్లిన వారెంటు రేపు ఒక మందు పేరు, ఒక సభ పేరు, ఒక విలేకరి పేరు అడిగినవారెవరని వెళ్లగలగడంలో ఉంది. పద్ధతి అదే, కాగితం అదే.

నిఘా ఉందని తెలిస్తే మనిషి ఏమవుతాడన్న సంగతి మన దేశంలో అందరికన్నా ముందు స్పష్టంగా చెప్పింది ఒక తెలుగు న్యాయమూర్తి. ఖరక్ సింగ్ అనే వ్యక్తిని దోపిడీ కేసులో ఆధారాల్లేక వదిలేసి, ఉత్తరప్రదేశ్ పోలీసులు ఆయన మీద నిఘా పెట్టారు. ఇంటి దగ్గర కాపలా, అర్ధరాత్రి తలుపు తట్టడం, ఎక్కడికి వెళ్లినా వెంట ఒక కన్ను. 1962లో సుప్రీంకోర్టు రాత్రిపూట ఇంట్లోకి చొరబడటాన్ని కొట్టేసింది గానీ, మిగతా నిఘాలో రాజ్యాంగ విరుద్ధమేమీ లేదంది. రాజమండ్రి ప్రాంతం నుంచి వచ్చిన జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. జస్టిస్ షాతో కలిసి విడిగా తీర్పు రాశారు. ఒంటికి సంకెళ్లు లేకపోవడమే స్వేచ్ఛ కాదని, వెంట కన్ను ఉందని తెలిసినవాడి మనసే వాడికి అడ్డుకట్ట వేస్తుందని, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని ఆయన వాదన. మెజారిటీ తీర్పుకు తలవంచి ఆ వాదన అయిదున్నర దశాబ్దాలు పుస్తకాల్లో ఉండిపోయింది.

ఆధార్ కేసులో 2015లో కేంద్రం, గోప్యత ప్రాథమిక హక్కే కాదని, 1954 నాటి ఎం.పి. శర్మ తీర్పునూ ఈ ఖరక్ సింగ్ తీర్పునూ చూపించి వాదించింది. దాన్ని పెద్ద ధర్మాసనానికి నివేదించిన ముగ్గురు సభ్యుల బెంచికి నాయకత్వం వహించింది కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్. 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పిన తొమ్మిదిమందిలోనూ ఆయన ఉన్నారు. తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా గోప్యత హక్కేనన్నారు. సుబ్బారావు విడి తీర్పే సరైనదని తేలింది. 

సుబ్బారావు చెప్పిన అడ్డుకట్ట ఊహ కాదని చూపే పరిశోధన కూడా ఉంది. అమెరికా నిఘా వ్యవహారాన్ని 2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టాక, ఉగ్రవాదానికి సంబంధించిన 48 వికీపీడియా వ్యాసాలను చదివేవారు ఒక్కసారిగా తగ్గిపోయారని జాన్ పెన్నీ 2016లో చూపించారు. ఆ పేజీలు చదవడం నేరమని ఎవరూ అనలేదు. ఎవరో చూస్తున్నారేమోనన్న అనుమానమే చాలింది.

ఇప్పుడు ఇంటికొద్దాం. తెలుగు ఊళ్లలో చాలామందికి మొదటి గూగుల్ ఖాతా తెరిచింది సెల్‌ఫోన్ షాపు కుర్రాడు. పాస్‌వర్డు కూడా వాడే పెడతాడు, చాలాసార్లు అది ఫోను నంబరే. ఆ ఫోను పొద్దున నాన్న జేబులో, మధ్యాహ్నం అమ్మ చేతిలో, సాయంత్రం ఇంటర్ చదివే పిల్ల దగ్గర. ముగ్గురి ప్రశ్నలూ ఒక్క ఖాతా కింద పడతాయి. కంపెనీ దృష్టిలో ముగ్గురూ ఒకే విచిత్రమైన మనిషి. ఇంట్లో మాత్రం ఎవరి ప్రశ్న ఎవరిదో తెలిసిపోతుంది. సెర్చ్ పెట్టె తాకగానే దిగే పాత ప్రశ్నల వరసలో కూతురి ప్రశ్న తండ్రి కంట పడిన రోజు ఇంట్లో ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. గోప్యత అనగానే అమెరికా కంపెనీ, ఢిల్లీ ప్రభుత్వమే గుర్తొస్తాయి గానీ, చాలామంది ఆడపిల్లలకు మొదటి నిఘా ఇంట్లోనే. వాళ్లకు ఆ ఇన్‌కాగ్నిటో నిజంగానే పనికొస్తుంది.

ఇక మైకు. టైపింగ్ రాని అవ్వలు కూడా నోటితో వెతుకుతున్నారు. 2017 ఆగస్టులో గూగుల్ వాయిస్ సెర్చ్‌లోకి తెలుగు వచ్చింది, అది నిజమైన మేలు. 2019 జులైలో బెల్జియం ప్రసార సంస్థ వీఆర్‌టీ, గూగుల్ అసిస్టెంట్ రికార్డు చేసిన వెయ్యికి పైగా ముక్కలను సంపాదించి విన్నది. వాటిలో 153 ముక్కలు ఎవరూ పిలవకుండానే, పొరపాటున రికార్డయినవి. యంత్రానికి భాష నేర్పడానికి కాంట్రాక్టు మనుషులు వాటిని వినేవారు. ఆ గొడవ తర్వాత, గొంతును దాచడం వాడేవారు ఒప్పుకుంటేనే అన్న పద్ధతికి గూగుల్ మారింది. ఫోనులో ఆ మీట ఏ స్థితిలో ఉందో ఇంట్లో చదువుకున్న పిల్లలు ఒకసారి చూసిపెడితే మంచిది.

చూడాల్సినవి మరికొన్ని ఉన్నాయి. గూగుల్ ఖాతాలో మై యాక్టివిటీ అనే పేజీ తెరిస్తే అడిగినవన్నీ తేదీలవారీగా కనబడతాయి. అది చూడటమే ఒక చదువు. అక్కడే 3 నెలలకో, 18 నెలలకో, 36 నెలలకో దానంతటదే చెరిగిపోయే ఏర్పాటు ఉంది. 2020 జూన్ తర్వాత తెరిచిన ఖాతాలకు 18 నెలలు ముందే పెట్టి ఉంటుంది. పాత ఖాతాలవాళ్లు తామే పెట్టుకోవాలి. వీటిలో 3 నెలలదే ఎంచుకోదగ్గది. ఇతర సైట్ల కుకీలను సఫారీ 2020 నుంచి పూర్తిగా అడ్డుకుంటోంది, ఫైర్‌ఫాక్స్ 2019 నుంచే వెంటాడే కుకీలకు అడ్డుపడుతోంది. క్రోమ్ 2020లో రెండేళ్లలో తీసేస్తామంది, వాయిదా మీద వాయిదా వేసింది, 2024 జులైలో ఆ మాటే వెనక్కి తీసుకుంది. క్రోమ్ ఎవరిదో, ప్రకటనల ఆదాయం ఎవరిదో గుర్తుంటే ఆశ్చర్యం ఉండదు.

డక్‌డక్‌గో అనే సెర్చ్ ఇంజిన్ 2008లో పుట్టింది. వెతికినవాడి చరిత్ర దాచకుండా, టైపు చేసిన మాటను బట్టే ప్రకటన చూపుతుంది. అంటే ఆ పాత కూలర్ పద్ధతి ఇవాళ్టికీ కూడు పెడుతుందన్నమాట. అయితే 2022 మేలో ఆ కంపెనీ మొబైల్ బ్రౌజరు మైక్రోసాఫ్ట్ ట్రాకర్లను కొన్నిటిని వదిలేస్తోందని ఒక పరిశోధకుడు పట్టుకున్నాడు. సెర్చ్ ఫలితాల ఒప్పందం దాని వెనక ఉంది. ఆగస్టులో సరిదిద్దారు. తెలుగు ప్రశ్నలకు దాని జవాబులు గూగుల్ అంత బాగుండవు, ఆ మాటా చెప్పుకోవాలి. అందుకని ఆరోగ్యం, డబ్బు, కోర్టు వంటి ప్రశ్నలకు ఒకటి, సినిమా వేళలకు ఒకటి వాడుకునేవారు తెలివైనవారు. నెట్ కంపెనీ కంట పడకుండా దాస్తామనే వీపీఎన్ ప్రకటనలను మాత్రం నమ్మకూడదు. నెట్ కంపెనీ చూసేది వీపీఎన్ కంపెనీ చూస్తుంది, అంతే తేడా. పైగా 2022 ఏప్రిల్‌లో మన ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ సంస్థలు వాడకందార్ల వివరాలు ఐదేళ్లు దాచాలి. కొన్ని విదేశీ కంపెనీలు తమ సర్వర్లను దేశం నుంచే ఎత్తేశాయి.

ఇవన్నీ ఎవరికి వారు చేసుకునే చిన్న మరమ్మతులు. సెట్టింగుల పేజీల్లో కూర్చునే తీరిక, ఆ ఇంగ్లీషు అర్థమయ్యే చదువు ఎంతమందికి ఉంటాయి? గోప్యత ఓపికున్నవాడి సొత్తయితే అది హక్కెలా అవుతుంది? అందుకే చట్టం కావాలి. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు పాటించడానికి కంపెనీలకు 18 నెలల గడువిచ్చారు. 18 ఏళ్లలోపు పిల్లలను వెంటాడటం, వారి మీద గురిపెట్టి ప్రకటనలు చూపడం చట్టం నిషేధించింది. ఉల్లంఘనకు జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. అవసరం తీరాక సమాచారం చెరిపేయాలనీ అంది. ఇంతవరకు మెచ్చుకోవచ్చు.

ఆ తర్వాతే నొసలు ముడిపడుతుంది. దేశభద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో కేంద్రం ఏ ప్రభుత్వ సంస్థనైనా ఈ చట్టం నుంచి మినహాయించవచ్చు. నియమాలేమో సమాచారాన్నీ దాని లాగులనూ కనీసం ఏడాదిపాటు ఉంచి తీరాలంటున్నాయి. ఒక చేత్తో చెరపమని, ఇంకో చేత్తో దాచమని చెప్పే చట్టమిది. ఎన్నాళ్లు దాచాలన్న ఈ సంగతి మనకు దూరమైందీ కాదు. హైదరాబాద్‌లో గూగుల్ ఆఫీసు 2004 నుంచీ ఉంది. విశాఖలో 1,500 కోట్ల డాలర్ల డేటా కేంద్రం పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించింది. భూమి, కరెంటు, నీళ్ల గురించి బోలెడు చర్చ జరిగింది, జరగాలి కూడా. చిట్టాలు ఎన్నాళ్లుంచుతారన్న ప్రశ్న మాత్రం ఆ చర్చలో పెద్దగా వినిపించలేదు.

ఈ చట్టంలో ఒక ఏర్పాటు తెలుగువారికి నేరుగా పనికొచ్చేది. సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లీషులోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనానో చదువుకునే వీలు కల్పించాలి. అంటే తెలుగులో అడిగితే ఇవ్వాల్సిందే. ఇప్పుడు ఫోన్లలో కనబడే తెలుగు షరతులు చాలామటుకు యంత్రం అనువదించినవి, ఇంగ్లీషు చదివితే గానీ తెలుగు అర్థం కానివి. కంపెనీలకిచ్చిన గడువు 2027 మేలో ముగుస్తుంది. ఈలోగా ఆ నోటీసుల్లో ఏముండాలో, ఎన్నాళ్లు దాచేదీ మొదటి వాక్యంలోనే ఉండాలా వద్దా అన్నది తెలుగులో రాసి ఈ చట్టం కింది డేటా రక్షణ బోర్డు ముందుంచే పని విశ్వవిద్యాలయాల్లోని తెలుగు శాఖలు, న్యాయ కళాశాలలు కలిసి చేపట్టవచ్చు. అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.